నక్షత్రాలు కనిపించే దాకా

కపెర్నహూములో ఒక విశ్రాంతి దినం. ఉదయం యేసు ప్రభువు సమాజమందిరంలో బోధించాడు. అపవిత్రాత్మ పట్టిన ఒక మనుష్యుణ్ణి విడిపించాడు. అక్కడి నుంచి బయలుదేరి నేరుగా సీమోను ఇంటికి వచ్చాడు. సీమోను అత్త జ్వరంతో పడుకొని ఉంది. ఆయన చెయ్యి పట్టి లేవనెత్తగానే జ్వరం ఆమెను విడిచింది, ఆమె లేచి వారికి ఉపచారం చేసింది. మార్కు సువార్త మొదటి అధ్యాయంలోని ఈ సంగతి మనందరం ఎన్నోసార్లు చదివిందే. ఆ తర్వాతి వచనంలోనే పొద్దు గూకింది, పట్టణమంతా ఆ ఇంటి వాకిట చేరింది. జ్వరం వదిలిన వేళకూ పొద్దు గూకిన వేళకూ మధ్య ఎంత లేదన్నా ఐదారు గంటలు. ఆ గంటల గురించి మార్కు ఒక్క మాట రాయలేదు.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఏం జరిగి ఉంటుంది? శుక్రవారం సాయంత్రం యూదు గృహిణి దీపాలు వెలిగించడం గురించి మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. శనివారం ఉదయం సమాజమందిరంలో లేఖన పఠనం గురించీ వింటాం. మధ్యాహ్నం మాత్రం ఎవరికీ పట్టదు. పొయ్యి వెలిగించకూడదు, వంట చెయ్యకూడదు, కొనకూడదు, అమ్మకూడదు, రాయకూడదు, వీధిలో బరువు మోయకూడదు, దూరం వెళ్లకూడదు. మిష్నా గ్రంథం నిషిద్ధమైన పనులను 39గా లెక్కగట్టింది. ఇన్ని 'వద్దు'లు పోగా ఇక మిగిలేదేమిటని అనిపిస్తుంది. పరిసయ్యుల పేరు చెప్పగానే మనకు ఆ 'వద్దు'లే గుర్తుకొస్తాయి కూడా. కానీ ఆ మధ్యాహ్నాన్ని దగ్గరగా చూస్తే అది ఖాళీగా లేదు, బరువుగానూ లేదు. సువార్తల్లోని కొన్ని ఘట్టాలు ఆ వెలుగులో చూసినప్పుడే సరిగ్గా అర్థమవుతాయి.

ఒక జాగ్రత్త ముందే చెప్పుకోవాలి. మిష్నా క్రీ.శ. 200 ప్రాంతంలో గ్రంథ రూపానికి వచ్చింది, తాల్ముద్ ఇంకా తర్వాతది. వాటిలో కనిపించే ప్రతి ఆచారాన్నీ యేసు కాలానికి అంటగట్టడం సరికాదు. కొన్ని ఆనాటివే. కొన్ని మధ్యయుగాలవి. ఏది ఎప్పటిదో తెలిసినంతవరకు చెబుతూ వెళ్తాం.

ఆరో గంటకు భోజనం

మొదటి శతాబ్దపు సాక్ష్యం ఒకటి చరిత్రకారుడు జోసీఫస్ దగ్గర దొరుకుతుంది. రోమీయులతో యుద్ధం రాజుకుంటున్న రోజులు. గలిలయ సముద్రపు ఒడ్డున ఉన్న తిబెరియ పట్టణంలో, విశ్రాంతి దినాన, ప్రార్థనాస్థలంలో పెద్ద సభ జరిగింది. మాటా మాటా పెరిగింది. ఇంకొంచెం ఉంటే కొట్లాటే. అంతలో ఆరో గంట అయింది. విశ్రాంతి దినాన ఆ వేళకు భోజనం చెయ్యడం మా ఆచారం గనుక సభ అక్కడితో చెదిరిపోయిందని ఆయన తన జీవిత చరిత్రలో రాసుకున్నాడు. ఆరో గంట అంటే మన పన్నెండు. రాజకీయం ఎంత వేడెక్కినా అన్నం వేళకు లేచి ఇంటిదారి పట్టే జనాన్ని చూస్తే మనకు ముచ్చటేస్తుంది. తిబెరియకూ కపెర్నహూముకూ దూరం ఎంతో లేదు, రెండూ ఒకే సరస్సు గట్టున ఉన్నాయి. కాబట్టి సమాజమందిరం నుంచి నేరుగా ఇంటికి వచ్చిన ప్రభువుకూ శిష్యులకూ సీమోను అత్త చేసిన ఉపచారం ఈ మధ్యాహ్న భోజనమే అయి ఉంటుంది. ఒక పరిసయ్యుల అధికారి ఇంట్లో విశ్రాంతి దినాన యేసు భోజనానికి వెళ్లినట్టు లూకా 14లో ఉంది కదా, అగ్రస్థానాల కోసం అతిథులు తోసుకుంటుంటే ఆయన చూసింది అక్కడే. అది కూడా ఇలాంటి మధ్యాహ్నమే కావచ్చు.

విశ్రాంతి దినాన మూడు పూటలు తినాలన్నది రబ్బీల నియమం. శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం మధ్యాహ్నం ఒకటి, పొద్దు వాలాక ఒకటి. దీనికి ఆధారం నిర్గమకాండము 16వ అధ్యాయంలోని మన్నా సంగతి. అక్కడ 25వ వచనంలో మోషే 'నేడు' అనే మాటను మూడుసార్లు పలికాడు, అందుకే మూడు భోజనాలు అంటుంది తాల్ముద్. మామూలు రోజుల్లో రెండు పూటలు తినడమే వాడుకగా ఉన్న కాలమది. పేదవాడి సంగతేమిటి? దానికీ మిష్నాలో జవాబు ఉంది. ఊరు దాటి పోతున్న బీదవాడు విశ్రాంతి దినాన ఆగిపోతే అతనికి మూడు పూటల భోజనం ఇవ్వాలి. రెండు పూటలది ఇచ్చి సరిపెట్టకూడదు.

మధ్యాహ్నపు వంటకం కథే ఒక పెద్ద కథ. ఇళ్లలో నిప్పు రాజబెట్టకూడదని నిర్గమకాండము 35:3 చెబుతోంది. అప్పటికే ఉన్న నిప్పు మీద కుండ ఉంచవచ్చా? ఉంచవచ్చన్నారు రబ్బీలు. మధ్యయుగాల్లో వారిని ఎదిరించిన కరాయీ యూదులు అదీ కూడదన్నారు, చీకట్లో కూర్చుని చల్లటి కూడు తిన్నారు. దాంతో రబ్బీల పక్షంవారికి శనివారం మధ్యాహ్నం వేడివేడిగా తినడం ఒక విశ్వాస ప్రమాణమే అయి కూర్చుంది! శుక్రవారం పొద్దు గూకక ముందే కుండలో గింజలు, మాంసం వేసి సన్నని సెగ మీద పెట్టేస్తారు. రాత్రంతా అది మెల్లగా ఉడుకుతుంది. తూర్పు ఐరోపాలో దీన్ని చోలెంట్ అన్నారు. చిక్కుళ్లు, బార్లీ, బంగాళాదుంప, మాంసం అందులో ఉంటాయి. ఇంట్లో పొయ్యి సరిపోని వాళ్లు కుండ మూతిని పిండితో మూసి ఊరి రొట్టెలవాడి బట్టీలో పెట్టి వచ్చేవాళ్లు, మర్నాడు ఆరాధన అయ్యాక తెచ్చుకునేవాళ్లు. మిగతా యూదుల్లో దీని పేరు హమీన్, అంటే వేడిది. బాగ్దాదు యూదులు కోడి కడుపులో బియ్యం కూరి రాత్రంతా మగ్గబెడతారు. మన ఆదివారపు కోడి పలావుకు దూరపు చుట్టమనుకోవచ్చు.

స్పెయిన్‌లో ఈ కుండే ప్రాణాల మీదికి తెచ్చింది. అక్కడ బలవంతంగానో భయంతోనో బాప్తిస్మం పొందిన యూదులపై సంఘ న్యాయస్థానం నిఘా పెట్టింది. శుక్రవారం సాయంత్రం పొయ్యి మీద కుండ ఎక్కించి శనివారం దించుకున్నారన్నది విచారణల్లో నేరానికి రుజువుగా చెల్లింది. సాక్ష్యం చెప్పింది ఎక్కువగా ఇంటి పనివారు, ఇరుగుపొరుగువారు. విచారించింది క్రీస్తు నామం ధరించినవారు. ఆ మధ్యాహ్న భోజనం గురించి మనం రాస్తున్నప్పుడు ఈ సంగతి మింగేసి రాయడం న్యాయం కాదు.

నిద్ర, నడక

భోజనమయ్యాక నిద్ర. నవ్వాల్సిన పని లేదు, ఇదీ ఆచారమే. 'షబ్బాత్' అనే హెబ్రీ మాటలోని మూడు అక్షరాలను మూడు మాటల మొదటి అక్షరాలుగా తీసుకుని, విశ్రాంతి దినాన నిద్ర మనోహరమైనది అని అర్థం చెప్పుకుంటారు. విశ్రాంతి దినం మనోహరమైనదని యెషయా 58:13లో ఉంది. ఆ మాటకు దీన్ని ముడిపెట్టారన్నమాట. అయితే ఈ నిద్రకూ ఒక షరతు ఉంది. జర్మనీలో 12, 13 శతాబ్దాల నాటి భక్తుల గ్రంథం ఒకటి, 'రాత్రికి పని ఉంది, ఇప్పుడు కాస్త పడుకుంటే ఓపిక వస్తుంది' అని విశ్రాంతి దినాన అనకూడదని చెప్పింది. పడుకోవడం తప్పు కాదు. రేపటి పని కోసం పడుకుంటున్నానని చెప్పడం తప్పు. అలా అంటే ఆ రోజును మిగతా ఆరు రోజులకు కూలికి పెట్టినట్టవుతుంది. సోమవారం ఆఫీసుకు ఒళ్లు సర్దుకోవడానికే ఆదివారం మధ్యాహ్నం పడుకునే మాబోటి వాళ్లకు ఇది చురుక్కుమంటుంది.

నిద్ర లేచాక నడక. నడకకు హద్దు 2,000 మూరలు, అంటే ఇంచుమించు ఒక కిలోమీటరు. ఇది ఊరి అంచు నుంచి లెక్క, ఊళ్లో ఎంతైనా తిరగవచ్చు. అపొస్తలుల కార్యములు 1:12లో ఒలీవల కొండ యెరూషలేముకు విశ్రాంతి దినాన నడవదగినంత సమీపాన ఉందని లూకా రాసింది ఈ కొలతతోనే. యెహోషువ 3లో మందసానికీ ప్రజలకూ మధ్య ఉన్న ఎడం, సంఖ్యాకాండము 35లో లేవీయుల పట్టణాల చుట్టూ విడిచిన బయలు కూడా రెండు వేల మూరలే. మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుంపు వాళ్లు ఇంకా బిగించి వెయ్యి మూరలే అన్నారు. పశువును మేపడానికైతేనే రెండు వేలు. ఆ గుంపే, గుంటలో పడిన పశువును విశ్రాంతి దినాన పైకి తీయకూడదని కూడా రాసుకుంది. గుంటలో పడిన ఎద్దును మీలో ఎవడు పైకి తీయడని ప్రభువు పరిసయ్యులను అడిగినప్పుడు వాళ్లు జవాబు చెప్పలేకపోయారంటే, వాళ్లు తీసేవాళ్లే గనుక. కుమ్రాను వాళ్లయితే జవాబు చెప్పి ఉండేవాళ్లు. పరిసయ్యులు ఆనాటి కఠినుల్లో కఠినులు కారు.

నడక మామూలు రోజుల నడకలా ఉండకూడదు. పెద్ద పెద్ద అంగలు వేయకూడదు, వ్యాపారం మాట్లాడుకోకూడదు, పొలం వైపు వెళ్లి రేపు ఏం పని ఉందో చూసుకోకూడదు. తాల్ముద్‌లో దీని మీద ఒక చిన్న కథ ఉంది. ఒక భక్తుడు విశ్రాంతి దినాన తన పొలం గట్టున నడుస్తూ కంచెలో గండి చూశాడు. దాన్ని బాగుచెయ్యాలనుకున్నాడు. అంతలో ఆ రోజు ఏ రోజో గుర్తొచ్చింది. చెయ్యలేదు సరికదా, ఆలోచన ఆ రోజున పుట్టింది కాబట్టి ఇక ఎన్నటికీ ఆ గండి పూడ్చకూడదని నిశ్చయించుకున్నాడు. ఆ గండిలో ఒక ముళ్ల పొద మొలిచింది. దాని మొగ్గలు, కాయలు తినడానికి పనికొచ్చే జాతిది. అతనూ అతని ఇంటివారూ దాని మీదనే బతికారట. నిజమో కాదో గానీ, రైతుకు కంచెలో గండి కనబడితే చేతులు ఎంత దురద పెడతాయో తెలిసినవాడు చెప్పిన కథ ఇది.

యెరూషలేము యాత్రకు వెళ్లిన మనవాళ్లు శనివారం మధ్యాహ్నం ఇబ్బంది పడి వచ్చి ఆ ముచ్చట్లు చెబుతారు. నగరపు యూదుల పేటల్లో బస్సులుండవు, దుకాణాలు మూసి ఉంటాయి. హోటల్లో లిఫ్టు మీట నొక్కే పని లేకుండా తనంతట తానే ప్రతి అంతస్తులో ఆగుతూ పోతుంది. ఊరి చుట్టూ స్తంభాలకు కట్టిన సన్నని తీగ ఒకటి ఉంటుంది, చూపిస్తే గానీ కనబడదు. ఆ తీగ లోపలి భాగమంతా ఒకే ఇంటి ఆవరణ కింద లెక్క. కాబట్టి అక్కడ పసిబిడ్డను ఎత్తుకోవచ్చు, పుస్తకం పట్టుకెళ్లవచ్చు. తీగ లేని ఊళ్లో జేబురుమాలు కూడా చేత పట్టుకోరు, కావాలంటే బట్టలో భాగంగా ఒంటికి చుట్టుకుంటారు. యిర్మీయా 17లో బరువులు మోయవద్దన్న ఆజ్ఞను ఇంత దూరం లాగారా అని మనం విసుక్కోవచ్చు. బేతెస్ద కోనేటి దగ్గర పరుపెత్తుకొని నడిచినవాణ్ణి నిలదీసిన గొంతులు ఇక్కడివే.

మన దేశంలోనూ ఈ శనివారపు ఆనవాలు ఉంది. కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలు యూదులు నూనె గానుగ ఆడించి బతికేవారు. ప్రార్థన పుస్తకాలు, హెబ్రీ చదువు చాలావరకు చేజారిపోయినా శనివారం మాత్రం గానుగ ఆపేశారు. అందుకే చుట్టుపక్కల జనం వారిని 'శనివార్ తేలీ'లన్నారు. తమ మతం పేరు తెలియని ఇరుగుపొరుగుకు వారు ఆ ఒక్క రోజుతోనే తెలిశారు. ఇటు గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తాము ఎఫ్రాయిము గోత్రికులమని నమ్మే కొన్ని తెలుగు కుటుంబాలు 1980ల చివరి నుంచి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. అంతకుముందు వాళ్లలో చాలామంది మన సంఘాల వాళ్లే.

రోగి మంచం దగ్గర

విశ్రాంతి దినాన రోగిని చూడ్డానికి వెళ్లవచ్చా? చచ్చినవారి ఇంటికి వెళ్లి ఓదార్చవచ్చా? ఇది మనకు అడగాల్సిన ప్రశ్నగా కూడా తోచదు. ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లే సహోదరులు, వితంతువుల ఇళ్లకు వెళ్లే స్త్రీల సమాజం వాళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. కానీ యేసు పుట్టిన తరంలో ఇది వాదనే. షమ్మాయి శిష్యులు వెళ్లకూడదన్నారు. సంతోషంగా ఉండాల్సిన రోజున దుఃఖం మధ్యకు వెళ్లడమేమిటన్నది వారి మాట కావచ్చు. హిల్లేలు శిష్యులు వెళ్లవచ్చన్నారు. చివరకు యూదు ప్రజలు హిల్లేలు వైపే నిలిచారు. అయితే రోగి దగ్గర మామూలుగా చేసే ప్రార్థన ఆ రోజు చెయ్యరు. ఈ రోజు మొరపెట్టే రోజు కాదు, స్వస్థత దగ్గరలోనే ఉంది అనే భావం వచ్చే మాటలు చెప్పి వస్తారు.

ఇప్పుడు సువార్తలు తీయండి. ఊచచెయ్యి గలవాడు, పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ, జలోదర రోగి, ముప్పయి ఎనిమిదేళ్ల రోగి, పుట్టు గుడ్డివాడు. వీరందరినీ ప్రభువు స్వస్థపరచింది విశ్రాంతి దినాలనే. స్వస్థత దగ్గరలో ఉందని రోగి పక్కన కూర్చుని చెప్పే రోజున, స్వస్థత నిజంగానే వచ్చి ఆ ఇంట్లో కూర్చుంది. వంగిపోయిన స్త్రీ సంగతిలో సమాజమందిరపు అధికారి జనంతో అన్నదేమిటి? పని చెయ్యడానికి ఆరు దినాలున్నాయి, ఆ రోజుల్లో వచ్చి బాగుపడండి అని. చూడబోతే సమంజసంగానే ఉంది. పద్దెనిమిదేళ్లు ఓర్చుకున్నామె ఇంకొక్క పూట ఓర్చుకోలేదా? ప్రభువు ఒక్క పూట కూడా ఒప్పుకోలేదు. ఎద్దునూ గాడిదనూ విప్పి నీళ్లకు తోలుకెళ్తారు కదా, అబ్రాహాము కుమార్తెను విప్పడానికి ఇంతకంటె తగిన రోజు ఏదని అడిగాడు.

కపెర్నహూము జనం మాత్రం పూట ఆగారు. రోగులను మంచాల మీద మోసుకురావాలి, మోయడం ఆ రోజు కుదరదు. కాబట్టి ఆ మధ్యాహ్నమంతా ఊళ్లో ప్రతి ఇంటా ఒక రోగి, ఆ రోగి పక్కన ఆకాశం వైపు చూసే మనుషులు. స్వస్థపరచేవాడు నాలుగు వీధుల అవతల ఉన్నాడని తెలుసు. సీమోను అత్త జ్వరం సంగతి అప్పటికే పాకి ఉంటుంది. పొద్దు మాత్రం గూకదు. మార్కు 'సూర్యుడు అస్తమించినప్పుడు' అని పనిగట్టుకుని రాసింది అందుకే. అంత ఆత్రంలోనూ ఆజ్ఞను తోసిపుచ్చని ఆ పామర జనాన్ని తక్కువ చెయ్యడానికి మాకు మనసొప్పదు. ప్రభువు కూడా వాళ్లను ఎందుకు ఆగారని గద్దించలేదు, ఆ రాత్రి ఎంత పొద్దుపోయినా అందరినీ చూశాడు.

చదువు

ఆ మధ్యాహ్నంలో పెద్ద పాలు చదువుది. యేసుకు సమకాలికుడైన అలెక్సంద్రియ పండితుడు ఫిలో, యూదులు విశ్రాంతి దినాన సమకూడి కూర్చుంటారనీ, ఒక యాజకుడో పెద్దో ధర్మశాస్త్రం చదివి ఒక్కొక్క మాటా విడమరచి చెబుతాడనీ, ఇది ఇంచుమించు సాయంత్రం దాకా సాగుతుందనీ రాశాడు. ఈనాటికీ మధ్యాహ్న ప్రార్థనలో తోరా చుట్టను మళ్లీ విప్పుతారు. ఉదయం ఆ వారపు భాగం పూర్తయింది కదా, మధ్యాహ్నం వచ్చే వారపు భాగాన్ని మొదలుపెట్టేస్తారు. ముగ్గురిని పిలిచి కొన్ని వచనాలు చదివిస్తారు, అంతే. విశ్రాంతి దినం ముగియకముందే తర్వాతి వారానికి వాక్యం సిద్ధంగా ఉంటుంది. పస్కాకూ పెంతెకొస్తుకూ మధ్య వచ్చే ఆరు విశ్రాంతి దినాల మధ్యాహ్నాల్లో 'పితరుల సూక్తులు' అనే చిన్న గ్రంథాన్ని వారానికో అధ్యాయం చదువుతారు. అసలు మిష్నాలో దానికి ఐదు అధ్యాయాలే, ఆరో వారానికి చాలక ఆరో అధ్యాయం కలుపుకున్నారు! హిల్లేలు మాటలూ, పౌలు గురువైన గమలీయేలు వంశం వారి మాటలూ అందులో ఉన్నాయి. చలికాలంలోనైతే 104వ కీర్తన, దాని తర్వాత 120 నుంచి 134 దాకా ఉన్న యాత్రకీర్తనలు చదువుతారు.

తూర్పు ఐరోపా ఇళ్లలో తండ్రి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని ఆ వారం బడిలో నేర్చిందేమిటో అడిగేది శనివారం మధ్యాహ్నమే. పిల్లవాడికి అది పరీక్ష, తల్లికి గుండె దడ. సరిగ్గా చెబితే పండో పప్పులో చేతిలో పడేవి.

మరి తల్లి ఏం చదివేది? ఆమెకు హెబ్రీ నేర్పలేదు. ఆ లోటు తీర్చడానికి యానోవ్ పట్టణపు యాకోబు బెన్ ఇస్సాకు అష్కెనాజీ అనే బోధకుడు ఇంటి భాషలో, అంటే ఇడ్డిష్‌లో, ఒక పుస్తకం రాశాడు. తోరా భాగాలను వారం వారీగా కథలతో, పెద్దల వివరణలతో కలిపి చెప్పే పుస్తకం అది. పేరు 'త్సెనా ఉరెనా'. పరమగీతము 3:11లో సీయోను కుమార్తెలను బయటికి వచ్చి చూడమని పిలిచిన మాటల నుంచి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు దొరుకుతున్న ప్రతుల్లో పాతది 1622 నాటిది. ఆ తర్వాత 200కు పైగా ముద్రణలు పడ్డాయి. శనివారం మధ్యాహ్నం పనులు లేని వేళ అమ్మ, అమ్మమ్మ కళ్లద్దాలు పెట్టుకుని దీన్ని పైకి చదువుతుంటే చదువు రాని ఇరుగుపొరుగు స్త్రీలు చుట్టూ చేరి వినేవారు. మన ఊళ్లలోనూ అక్షరాలు బైబిలుతోనే నేర్చిన పెద్దమ్మలను చూసినవాళ్లకు ఈ దృశ్యం కొత్తగా అనిపించదు.

చీకటి పడే వేళ

పొద్దు వాలాక మూడో భోజనం. ఇది పెద్ద విందు కాదు. రొట్టె, కొంచెం చేప, ఉంటే పండ్లు. ఆకలితో తినే భోజనం కాదు, లేవబుద్ధి కాక కూర్చునే భోజనం. కొత్తగా దీపం వెలిగించకూడదు గనుక గదిలో మెల్లగా చీకటి కమ్ముకుంటుంది, ఎదుటివారి ముఖాలు కనబడవు, పాట మాత్రం వినబడుతుంది. గలిలయలోని సఫెదు పట్టణంలో 16వ శతాబ్దంలో జీవించిన భక్తులు రాసిన పాటలు ఈ వేళకు పాడతారు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది మనకు కంఠతా వచ్చిన 23వ కీర్తన. మోషే చనిపోయింది విశ్రాంతి దినపు సాయంత్రమేనని వారి సంప్రదాయం, అందుకే ఆ వేళ పాటల్లో కొంత దిగులు ఉంటుంది. ఆనందించాల్సిన రోజున దిగులుకూ చోటు ఇచ్చారు.

కవి బియాలిక్ 1920లలో తెల్ అవీవులో శనివారం మధ్యాహ్నాలు జనాన్ని చేర్చి లేఖన ప్రసంగాలు, పాటలు జరిపించాడు. ఆ కూడికలకు యెషయా 58లోని మాటతోనే 'ఓనెగ్ షబ్బాత్' అని పేరు పెట్టారు, విశ్రాంతి దినపు ఆనందం అని అర్థం. అదే పేరు మరో ఊళ్లో మరో పనికి పెట్టుకున్నారు.

1940 నవంబరులో వార్సా నగరంలో యూదులందరినీ ఒక గోడ లోపల మూసేశారు. ఆ నెల 22న చరిత్రకారుడు ఇమాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ ఇంట్లో కొందరు రహస్యంగా కలుసుకున్నారు. మాకేం జరుగుతోందో మేమే రాసిపెట్టాలి, చంపేవాళ్లు రాసిందే చరిత్ర కాకూడదు అన్నది వారి పట్టుదల. శనివారం మధ్యాహ్నాలు కలుసుకునేవారు గనుక రహస్య నామం 'ఓనెగ్ షబ్బాత్'. ఐదారు పదుల మంది పనిచేశారు. డైరీలు, ఉత్తరాలు, రొట్టె చీట్లు, పిల్లల బడి రాతలు, ఆకలి చావుల వివరాలు పోగేశారు. రింగెల్‌బ్లూమ్‌తో సహా వారిలో పలువురు ఆచారపరులు కారు, విశ్రాంతి దినాన కలం పట్టకూడదన్న నియమం వారికి లేదు. ఒక రబ్బీ కూడా వారిలో ఉన్నాడు. 1942 జూలైలో జనాన్ని త్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించడం మొదలైంది. ఆగస్టులో మొదటి భాగాన్ని పది రేకు పెట్టెల్లో పెట్టి ఒక బడి కింద పాతారు. తర్వాతి భాగాన్ని పాల క్యాన్లలో దాచారు. 1944 మార్చిలో రింగెల్‌బ్లూమ్‌ను భార్యతో, కుమారుడితో సహా పట్టుకుని చంపేశారు. గుంపులో యుద్ధం దాటి బతికింది ముగ్గురే. శిథిలాలు తవ్వితే 1946లో రేకు పెట్టెలు, 1950లో రెండు పాల క్యాన్లు బయటపడ్డాయి. మూడో భాగం ఈనాటికీ దొరకలేదు. దొరికినవి 35 వేల పేజీల దాకా ఉన్నాయి, 1999లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

ఆ కాగితాల్లో ఒక రబ్బీ ప్రసంగాలు కూడా ఉన్నాయి. పియాసెచ్నో రబ్బీ కలోనిముస్ షపీరా, యుద్ధం మొదలవగానే ఏకైక కుమారుణ్ణి పోగొట్టుకున్నవాడు, 1939 నుంచి 1942 దాకా విశ్రాంతి దినాల్లో, పండుగల్లో మిగిలిన కొద్దిమందికి వాక్యం చెబుతూ వచ్చాడు. చెప్పినవి తర్వాత కూర్చుని రాసుకున్నాడు. 1943లో ఆయన్ను కూడా చంపేశారు. ఆ ప్రసంగాలు 1960లో ఇశ్రాయేలులో పుస్తకంగా వచ్చాయి. రొట్టె లేని మూడో భోజనాల దగ్గర, ఎదుట కూర్చున్నవాళ్లు వచ్చే వారం ఉంటారో లేదో తెలియని గదుల్లో, చెప్పడానికి ఆ మనిషికి ఏదో ఒకటి ఉంది.

విశ్రాంతి దినాల విషయంలో మీకెవడూ తీర్పు తీర్చకూడదని పౌలు కొలొస్సయులకు రాశాడు. ఆ స్వేచ్ఛ మనది, దాన్ని వదులుకోమని మేము అనడం లేదు. మన రోజు పునరుత్థాన దినం. అయినా ఆదివారం ఆరాధన అయ్యాక మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి దాకా ఆ స్వేచ్ఛతో మనం చేస్తున్నదేమిటని ఎవరైనా యూదుడు అడిగితే, టీవీ పేరు రాకుండా జవాబు చెప్పడం మా ఇళ్లలో కొంచెం కష్టం.

ఆకాశంలో మూడు నక్షత్రాలు కనబడితే విశ్రాంతి దినం ముగిసినట్టు. అప్పుడు జడలా అల్లిన వత్తుల కొవ్వొత్తి వెలిగిస్తారు, గిన్నెలో ద్రాక్షారసం పోస్తారు, లవంగం, దాల్చిన లాంటి సుగంధ ద్రవ్యాల డబ్బీని చేతులు మార్చుకుంటూ వాసన చూస్తారు. విశ్రాంతి దినాన మనిషికి తోడుగా వచ్చిన అదనపు ప్రాణం వెళ్లిపోతుంటే మనసు సొమ్మసిల్లకుండా ఈ పరిమళమని వివరణ. వెలుగునూ చీకటినీ, ఏడో దినాన్నీ ఆరు దినాలనూ వేరుపరచిన దేవుణ్ణి స్తుతించి దీపం ఆర్పుతారు. ఈ ముగింపులో దీపం ముందా, సుగంధాలు ముందా, భోజనం ముందా అని హిల్లేలు, షమ్మాయి శిష్యులు వాదించుకున్నారంటే ఈ పరిమళం యేసు కాలానికి దగ్గరిదే.

సువార్తల్లో ఇంకొక విశ్రాంతి దినపు మధ్యాహ్నం ఉంది. దాని గురించి లూకా ఒక్క వాక్యమే రాశాడు, ఆ స్త్రీలు ఆజ్ఞ చొప్పున తీరికగా ఉన్నారని. శుక్రవారం సాయంత్రం సమాధిలో దేహాన్ని ఎలా ఉంచారో చూసి వచ్చినవాళ్లు వాళ్లు. చేయాల్సిన పని సగంలో ఆగిపోయింది. దుకాణాలు మూసి ఉన్నాయి, సమాధి దగ్గరికి వెళ్లే వీలు లేదు, పొయ్యి ఆరిపోయి ఉంది. రాత్రీ పగలూ కలిపి ఇరవై నాలుగు గంటలు చేతులు కట్టుకుని కూర్చోవాలి. చచ్చిన ఇంట పని ఉంటే కాస్త నయం, అక్కడ పని కూడా లేదు. కూర్చున్నారు.

పొద్దు గూకింది. విశ్రాంతి దినం గడచిపోగానే మగ్దలేనే మరియ, యాకోబు తల్లి మరియ, సలోమే వెళ్లి సుగంధ ద్రవ్యాలు కొన్నారని మార్కు రాశాడు. ఆ సాయంత్రం యెరూషలేములో అప్పుడే తలుపు తీసిన ఏదో ఒక దుకాణం ముందు ఆ ముగ్గురూ నిలబడి ఉంటారు. తెల్లవారడానికి ఇంకా ఒక రాత్రి ఉంది.